జైలు రిజిస్టర్‌లో తాతగారి పేరు: జంషెడ్‌పూర్ తెలుగు కుటుంబాలు పూర్వీకుల ‘నేర చరిత్ర’ను ఎక్కడ వెతకాలి, ఎలా చదవాలి?

1942 ఆగస్టు 20 నుంచి జంషెడ్‌పూర్‌లోని టాటా ఉక్కు కర్మాగారం 13 రోజుల పాటు ఆగిపోయింది. జాతీయ ప్రభుత్వం ఏర్పడే వరకు పనిలోకి రాబోమని కార్మికులు ప్రకటించారు. క్విట్ ఇండియా ఉద్యమం సాగుతున్న ఆ రోజుల్లోనే నగరంలోని కొందరు కానిస్టేబుళ్లు కూడా బ్రిటిష్ ప్రభుత్వంపై తిరగబడ్డారు. వారి నాయకుడు రామానంద్ తివారీ అనే కానిస్టేబుల్. ఆయన జైలు పాలయ్యారు. నాటి ప్రభుత్వ కాగితాల్లో ఆయన యూనిఫాంకు ద్రోహం చేసిన ఖైదీ. పాతికేళ్లు తిరిగేసరికి, 1967లో, అదే ఆయన బీహార్ పోలీసు శాఖకు మంత్రి అయ్యారు.

ఇలాంటి జీవితమే తెలుగు నేల మీద మరొకటి ఉంది. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరకు మన్యం తిరుగుబాటు కేసులో ఉరిశిక్ష పడింది. తర్వాత అది ద్వీపాంతరవాస శిక్షగా మారింది. ఆయన్ను అండమాన్‌కు పంపారు. 1952లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం స్థానం నుంచి ఆయన లోక్‌సభకు ఎన్నికయ్యారు.

ఈ ఇద్దరి కథా చరిత్రకెక్కింది. చరిత్రకెక్కని వారి సంగతి వేరు. ముత్తాత జైలుకు వెళ్లాడన్న మాట ఇంట్లో ఎప్పుడో ఒకసారి వినిపిస్తుంది, వెంటనే ఎవరో ఒకరు మాట మార్చేస్తారు. ఎందుకు వెళ్లాడు, ఎన్నాళ్లున్నాడు, తిరిగొచ్చాడా లేదా అన్నది మనవల తరానికి చేరదు. ఇంటి గుట్టు లంకకు చేటు అన్న భయం అలా నోళ్లు మూయిస్తుంది. వలస వెళ్లిన కుటుంబాల్లో ఊరు మారడంతో పాటు ఆ కథ కూడా మరుగున పడుతుంది.

జంషెడ్‌పూర్ అలాంటి వలస నగరం. టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ 1907లో ఏర్పడింది. సాక్చీ గ్రామం దగ్గర కట్టిన కర్మాగారంలో 1912లో ఉక్కు తయారీ మొదలైంది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. కొలిమిలోకీ రైల్వేలోకీ పని వెతుక్కుంటూ వచ్చిన వారిలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు నేటికీ కనిపించే గుర్తు. ఇప్పుడు నాలుగో, ఐదో తరం పిల్లలు ‘మనం ఏ ఊరివాళ్లం’ అని అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పాత కాగితాలు తిరగేస్తే, అడగని ప్రశ్నలకు కూడా జవాబులు బయటపడవచ్చు.

పాత కాగితాల అవసరం ఎందుకు పెరిగింది?

జార్ఖండ్‌లో పూర్వీకుల కాగితాలకు రాజకీయ ప్రాధాన్యం ఉంది. 1932 ఖతియాన్, అంటే నాటి భూమి సర్వే రికార్డు, ఆధారంగా ‘స్థానికులు’ ఎవరో నిర్వచించే బిల్లును రాష్ట్ర అసెంబ్లీ 2022 నవంబరు 11న ఆమోదించింది. గవర్నర్ దాన్ని తిప్పి పంపారు. 2023 డిసెంబరులో అసెంబ్లీ మళ్లీ ఆమోదించింది. రాజ్యాంగం తొమ్మిదో షెడ్యూల్‌లో చేర్చాకే అది అమల్లోకి వస్తుందన్నది బిల్లులోని షరతు. కంపెనీ క్వార్టర్లలో, లీజు భూముల్లో తరాలు గడిపిన వలస కుటుంబాల పేరిట ఖతియాన్ ఉండే అవకాశం తక్కువ. తాము ఎప్పటి నుంచి ఇక్కడ ఉన్నామో చూపించే ఏ పాత కాగితమైనా వారికి విలువైనదే.

కుల ధ్రువీకరణ మరో కారణం. ఒక రాష్ట్రంలో ఉన్న ఎస్సీ, ఎస్టీ హోదా వలస వెళ్లిన రాష్ట్రంలో దానంతట అదే వర్తించదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ కేసు వేసింది ఆంధ్రప్రదేశ్ నుంచి మహారాష్ట్రకు వలస వెళ్లిన కుటుంబానికి చెందిన విద్యార్థే. ఉదాహరణకు, తెలుగు రాష్ట్రాల్లో షెడ్యూల్డ్ తెగగా ఉన్న ఎరుకల కులం జార్ఖండ్ ఎస్టీ జాబితాలో లేదు. దాంతో సొంత ఊరి మూలాలు నిరూపించుకోవాల్సిన పని పడుతుంది. ఎరుకల వంటి కులాల విషయంలో ఆ మూలాల కాగితం చాలాసార్లు పోలీసు కాగితమే అవుతుంది.

‘నేరస్తుడు’ అన్న మాట వెనుక ఏముంది?

పాత రిజిస్టర్‌లో పూర్వీకుడి పేరు కనిపిస్తే ముందు చూడాల్సింది శిక్ష ఎన్నేళ్లు అన్నది కాదు. ఏ చట్టం, ఏ సెక్షన్ అన్నది చూడాలి. ఎందుకంటే వలస పాలనలో జైలుకు చాలా దారులు ఉండేవి.

మొదటిది, ప్రభుత్వంపై తిరుగుబాటు. భారత శిక్షాస్మృతిలో 121వ సెక్షన్ ప్రభుత్వంపై యుద్ధం చేయడం, 124ఏ రాజద్రోహం. కానీ తిరుగుబాటుదారులందరి మీదా ఈ సెక్షన్లే పెట్టలేదు. మన్యంలోనూ, ఛోటానాగ్‌పూర్‌లోనూ తిరుగుబాట్లను దోపిడీ, హత్య కేసులుగా కూడా నడిపారు. కాబట్టి 395 (బందిపోటు దోపిడీ), 396 (హత్యతో కూడిన బందిపోటు దోపిడీ) అని కనిపించినంత మాత్రాన అసలు కథ తెలిసిపోయినట్టు కాదు. ఏ తేదీ, ఏ ఊరు అన్నది చూడాలి. 1922 ఆగస్టు నుంచి 1924 మధ్య కాలంలో చింతపల్లి, కృష్ణదేవిపేట ప్రాంతాల నుంచి అలాంటి కేసు కనిపిస్తే దాన్ని మన్యం తిరుగుబాటు పక్కన పెట్టి పరిశీలించాలి.

రెండోది, బతుకుతెరువే నేరమైన సందర్భాలు. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవిలో కట్టె కొట్టడం, పోడు కొట్టడం అదుపులోకి వెళ్లాయి. కల్లు గీతపై వేసిన పన్ను, ఆంక్షలు 1879 నాటి రంప పితూరీకి ఒక ముఖ్య కారణం. ఉప్పు తయారీపై ప్రభుత్వ గుత్తాధిపత్యం వల్ల తీరప్రాంతంలో సొంతంగా ఉప్పు వండుకోవడం కూడా నేరమే. అటవీ, అబ్కారీ, ఉప్పు చట్టాల కింద జరిమానా కట్టలేక జైలుకు వెళ్లినవాడు కూడా రికార్డులో ఖైదీయే.

మూడోది, నేరమే చేయకుండా జైలు. 1898 నేర విచారణ స్మృతిలో 109, 110 సెక్షన్లు ఉండేవి. జీవనాధారం ఏమిటో చెప్పలేని వ్యక్తిని, లేదా అలవాటుగా నేరాలు చేస్తాడని ఊళ్లో పేరున్న వ్యక్తిని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి, సత్ప్రవర్తనకు పూచీకత్తు అడిగేవారు. హామీదారులు దొరక్కపోతే జైలే. ఊరు వదిలి పని వెతుక్కుంటూ తిరిగే మనిషి ఈ సెక్షన్లకు సులువుగా దొరికిపోయేవాడు. రిజిస్టర్‌లో 109 లేదా 110 అని ఉంటే, ఆ వ్యక్తిపై ఏ దొంగతనమూ రుజువు కాలేదన్న సంగతి గుర్తుంచుకోవాలి.

నాలుగోది, కార్మిక పోరాటాలు. జంషెడ్‌పూర్‌లో 1928లో నెలల తరబడి సమ్మె, లాకౌట్ నడిచాయి. సుభాష్ చంద్రబోస్ జోక్యంతో ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది గోల్‌మురి టిన్‌ప్లేట్ కర్మాగారంలో సమ్మె జరిగింది. 1958 సమ్మెలో కాల్పులు, అరెస్టులు జరిగాయి. తాత జైలుకు వెళ్లిన ఏడాది వీటిలో ఒకదానితో కలిస్తే, అది సమ్మె కేసేమో చూడాలి.

ఐదోది, నిజమైన నేరం. హత్య, దోపిడీ, ఇంట్లోని ఆడవారిపై హింస. పూర్వీకులంతా అన్యాయంగా ఇరుక్కున్నవారే కాదు. ప్రతి ముత్తాతనూ తిరుగుబాటుదారుగా మార్చుకోవడం కూడా చరిత్రను దాచడమే. ఆ కేసులో చనిపోయిన మనిషికీ ఒక కుటుంబం ఉంది, వారికీ మునిమనవలు ఉన్నారు.

పుట్టుకతోనే నేరస్తులు: 1871 చట్టం ఏం చేసింది?

పైన చెప్పిన ఏ దారిలోనూ వెళ్లకుండానే పోలీసు రికార్డుకెక్కిన లక్షలాది మంది ఉన్నారు. వారి కథ 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టంతో మొదలవుతుంది. ముందు ఉత్తర భారతంలో, తర్వాత బెంగాల్‌లో అమలైన ఈ చట్టాన్ని 1911లో మద్రాసు సహా దేశమంతటికీ విస్తరించారు. 1924లో మరోసారి సవరించి కొత్త చట్టం చేశారు.

దీని కింద ప్రభుత్వం ఒక కులాన్ని లేదా తెగను ‘నేరస్త జాతి’గా ప్రకటించవచ్చు. ఆ ప్రకటనను కోర్టులో సవాలు చేసే వీలు లేదు. ఆ జాతిలోని వారి పేర్లు రిజిస్టర్‌లో రాస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు. రోజూ, కొన్నిచోట్ల రాత్రిపూట కూడా, పోలీసు ముందో ఊరి పెద్ద ముందో హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే పాసు కావాలి. పాసు లేకుండా పొరుగూరి సంతకు వెళ్లడమే శిక్షార్హం.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ చట్టం ఎక్కువగా తగిలింది ఎరుకల, కొరవ వంటి కులాలకు. గాడిదలు, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా అమ్మడం వారిలో చాలామంది వృత్తి. ఉప్పుపై ప్రభుత్వ గుత్తాధిపత్యం, రైళ్లు వచ్చి ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయని, ఆ తర్వాతే వారిపై ‘నేరస్తులు’ అన్న ముద్ర బలపడిందని చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ తన పరిశోధనలో చూపించారు.

బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో 1913లో ఏర్పడిన స్టూవర్టుపురం ఇలాంటి సెటిల్‌మెంటే. మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతాధికారి అయిన హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. చీరాలలోని పొగాకు కర్మాగారానికి అక్కడి నుంచి కూలీలు వెళ్లేవారు. కావలి, సీతానగరం, సిద్ధాపురం వంటి చోట్ల కూడా సెటిల్‌మెంట్లు ఉండేవి. గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం 1970ల నుంచి స్టూవర్టుపురంలో సంస్కరణ కార్యక్రమాలు నడిపారు. అయినా సినిమా పేర్లలో ఆ ఊరు ఇప్పటికీ దొంగల ఊరే.

జంషెడ్‌పూర్ చుట్టుపక్కల ఇదే గాయం మరో పేరుతో ఉంది. తూర్పు సింగ్‌భూమ్ జిల్లా గ్రామాల్లో శబర కుటుంబాలు నివసిస్తున్నాయి. పొరుగునే ఉన్న పశ్చిమ బెంగాల్‌లో లోధా, ఖేరియా శబరులపై నేరస్త జాతి ముద్ర వేశారు. చట్టం రద్దయ్యాక కూడా ఆ ముద్ర చెరగలేదు. 1998 ఫిబ్రవరిలో పురూలియా జిల్లాలో బుధన్ శబర్ అనే యువకుడు కస్టడీలో మరణించాడు. రచయిత్రి మహాశ్వేతా దేవి ఆ కేసును కలకత్తా హైకోర్టు దాకా తీసుకెళ్లారు. ఆయన పేరుతో అహ్మదాబాద్‌లోని ఛారానగర్ యువత ‘బుధన్ థియేటర్’ను స్థాపించింది. ఛారాలు కూడా ఒకప్పుడు నేరస్త జాతిగా ప్రకటించినవారే.

చట్టం 1952 ఆగస్టు 31న దేశవ్యాప్తంగా రద్దయింది. అందుకే ఆగస్టు 31ని విముక్తి దినంగా జరుపుకుంటారు. ఆ జాతులను విముక్త జాతులని పిలుస్తున్నారు. కానీ చట్టం పోయినా ‘అలవాటైన నేరస్తుల’ చట్టాలు వచ్చాయి. జైలు మాన్యువళ్లలో పాత ముద్ర కొనసాగింది. 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్లలో కులం ఆధారంగా పని కేటాయించడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. విముక్త జాతులను అలవాటైన నేరస్తులుగా చూసే నిబంధనలను కూడా తప్పుపట్టింది.

తెలుగులో మనం ఆకతాయిని ‘కేడీ’ అంటాం. అది మద్రాసు పోలీసుల పరిభాష నుంచి వచ్చిన మాట. ‘నోన్ డిప్రెడేటర్’, అంటే దోపిడీదారుగా పేరుపడినవాడు, అన్న మాటకు అది పొట్టి రూపం. ఠాణాలో పోలీసు రాసుకున్న రెండక్షరాలు అలా ఇళ్లలోకి తిట్టుగా చేరాయి.

ద్వీపాంతరం పంపినవారు ఎక్కడికి వెళ్లారు?

కాలాపానీ అంటే అండమాన్ మాత్రమే గుర్తొస్తుంది. అంతకు చాలా ముందు నుంచే ఈస్టిండియా కంపెనీ భారతీయ ఖైదీలను సముద్రం దాటించింది. 18వ శతాబ్దం చివర్లో సుమత్రాలోని బెంకూలెన్‌కు, పెనాంగ్‌కు పంపడం మొదలైంది. తర్వాత సింగపూర్, మలక్కా, బర్మా తీరంలోని అరకాన్, తెనాసరిం చేరాయి. 1815 నుంచి బెంగాల్, బొంబాయి ప్రెసిడెన్సీల నుంచి సుమారు 1,500 మంది ఖైదీలు మారిషస్ చేరారు. సింగపూర్‌లోని సెయింట్ ఆండ్రూస్ కేథడ్రల్‌ను కట్టింది భారతీయ ఖైదీలే.

బెంగాల్‌లో జీవిత ఖైదీల నుదుటిపై పేరు, నేరం, శిక్ష తేదీ పచ్చబొట్టుగా పొడిచేవారు. 1849లో ఆ పద్ధతిని రద్దు చేశారు. 1857 తిరుగుబాటు తర్వాత 1858 మార్చిలో తొలి జట్టు ఖైదీలు అండమాన్ చేరారు. అక్కడ ప్రతి ఖైదీ మెడలో చెక్క బిళ్ల ఉండేది. దాని మీద నంబరు, సెక్షన్, శిక్ష పడిన తేదీ, విడుదల తేదీ చెక్కేవారు. అదే బిళ్లలోని వివరాలు నేడు పరిశోధకులకు తాళంచెవిలా పనికొస్తున్నాయి. కొన్నేళ్లు సత్ప్రవర్తనతో గడిపిన ఖైదీలకు అక్కడే సాగు చేసుకుని, పెళ్లి చేసుకుని బతికే అనుమతి ఇచ్చేవారు. వారి సంతతినే అండమాన్‌లో ‘లోకల్ బార్న్’ అంటారు. కుటుంబంలో తిరిగిరాని పూర్వీకుడు చనిపోయాడనే అనుకుంటారు. అతనికి అక్కడ మరో కుటుంబం ఉండే అవకాశం కూడా ఉంది.

ఛోటానాగ్‌పూర్‌కూ ఈ చరిత్రలో పెద్ద వాటా ఉంది. బిర్సా ముండా 1900 జూన్ 9న రాంచీ జైల్లో మరణించారు. ఆయన ఉల్గులాన్‌లో పాల్గొన్న దాదాపు 350 మంది ముండాలపై విచారణ జరిగింది. ముగ్గురిని ఉరితీశారు, 44 మందికి జీవితకాల ద్వీపాంతరవాసం విధించారు. బిర్సా పుట్టిన నవంబరు 15నే 2000లో జార్ఖండ్ రాష్ట్రం ఏర్పడింది. నాటి ఖైదీ పుట్టినరోజు నేడు రాష్ట్ర అవతరణ దినం.

మారిషస్, ఫిజీ, నాటాల్‌లకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువారి సంతతికి మరో చిక్కు ఉంది. కూలీలుగా వెళ్లినవారు ఖైదీలు కారు. కానీ పనికి గైర్హాజరైనా, తోట వదిలి వెళ్లినా ఆ చట్టాల కింద నేరమే. మారిషస్‌లో పాసు లేకుండా తిరిగే కూలీలను ‘దిమ్మరులు’గా పట్టుకుని నిర్బంధించేవారు. పూర్వీకుడి పేరు పక్కన జైలు శిక్ష కనిపిస్తే, అది పని మానేసినందుకు పడిన శిక్ష కావచ్చు.

ఏ కాగితం ఏ ఊళ్లో ఉంటుంది?

వెతుకులాటలో ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఇవాళ ఊరు ఏ జిల్లాలో ఉందో చూసి అక్కడికి వెళ్తారు. చూడాల్సింది, ఘటన జరిగిన నాడు ఆ ఊరు ఎవరి పాలనలో ఉందన్నది.

శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. అంతకుముందు కాగితాలు విశాఖపట్నం జిల్లా పేరిట ఉంటాయి. ఇంకా వెనక్కి వెళ్తే, 1936లో ఒడిశా ఏర్పడే వరకు శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట ప్రాంతాలు గంజాం జిల్లాలో ఉండేవి. ఈ జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోనివి కాబట్టి ప్రభుత్వ స్థాయి న్యాయశాఖ, పోలీసు, జైళ్ల ఫైళ్ల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ చూడాలి. నిజాం రాజ్యంలోని ఊళ్లకైతే హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్. అక్కడి పాత ఫైళ్లు చాలావరకు ఉర్దూ, పారశీకంలో ఉంటాయి.

ఘటన జంషెడ్‌పూర్‌లో జరిగి ఉంటే లెక్క మారుతుంది. సింగ్‌భూమ్ జిల్లా 1912 వరకు బెంగాల్‌లో, 1912 నుంచి 1936 వరకు బీహార్-ఒరిస్సాలో, తర్వాత 2000 వరకు బీహార్‌లో ఉంది. అంటే ఉన్నత స్థాయి ఫైళ్లు కాలాన్ని బట్టి కోల్‌కతా, పట్నా, రాంచీల మధ్య చీలిపోయి ఉంటాయి. తూర్పు సింగ్‌భూమ్ విడి జిల్లా అయ్యింది 1990లోనే. అంతకుముందు జిల్లా కేంద్రం చాయిబాసా, కాబట్టి జిల్లా రికార్డు గది కోసం అక్కడికీ వెళ్లాలి. ఖర్కాయ్ నది దాటితే వచ్చే ఆదిత్యపూర్ ఒకప్పటి సరాయికేలా సంస్థానంలోది. ఆ సంస్థానం 1948లో బీహార్‌లో కలిసింది. నదికి ఇవతల పుట్టిన కేసుకు ఒక చోట, అవతల పుట్టిన కేసుకు మరో చోట వెతకాలి.

అండమాన్, ద్వీపాంతరవాసం, విప్లవకారులకు సంబంధించిన భారత ప్రభుత్వ ఫైళ్లు ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ‘అభిలేఖ్ పటల్’ అనే దాని పోర్టల్‌లో చాలా ఫైళ్ల జాబితాలు, కొన్ని ఫైళ్ల పూర్తి ప్రతులు ఇంట్లో కూర్చునే చూడవచ్చు. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఇండియా ఆఫీస్ రికార్డుల్లో మద్రాసు, బెంగాల్ ప్రభుత్వాల న్యాయశాఖ వ్యవహారాలు ఉన్నాయి. పై కోర్టుకు అప్పీలు వెళ్లిన కేసులైతే 1876 నుంచి వెలువడిన ఇండియన్ లా రిపోర్ట్స్ మద్రాస్ సిరీస్‌లో దొరకవచ్చు. నేరస్త జాతుల ప్రకటనలు ప్రభుత్వ గెజిట్లలో అచ్చయ్యేవి. కృష్ణా పత్రిక, ఆంధ్రపత్రిక పాత సంచికల్లో స్థానిక కేసుల వార్తలు వచ్చేవి.

జంషెడ్‌పూర్‌లోని రూసీ మోదీ సెంటర్ ఫర్ ఎక్సలెన్స్‌లో టాటా స్టీల్ ఆర్కైవ్స్ ఉన్నాయి. కర్మాగారం, నగరం, సమ్మెల నేపథ్యం తెలుసుకోవడానికి అది ఉపయోగపడుతుంది. ఒక్కో కార్మికుడి వివరం అక్కడ దొరుకుతుందన్న భరోసాతో మాత్రం వెళ్లకూడదు.

జైలు, పోలీసు, కోర్టు కార్యాలయాల్లో ఇంకా ఉండిపోయిన కాగితాలకు సమాచార హక్కు దరఖాస్తు ఒక మార్గం. 20 ఏళ్లకు పైబడిన ఘటనల సమాచారాన్ని కొన్ని మినహాయింపులకు లోబడి ఇవ్వాలని 2005 చట్టంలోని సెక్షన్ 8(3) చెబుతోంది. దరఖాస్తులో ‘మా తాత కేసు వివరాలు’ అని రాస్తే పని జరగదు. పేరు, తండ్రి పేరు, ఊరు, సుమారు సంవత్సరం, కోర్టు లేదా ఠాణా పేరు రాసి, ఏ రిజిస్టర్ కావాలో అడగాలి.

పేరు దొరకకపోవడానికి కారణాలు

వెతుకులాట ఇంటి నుంచే మొదలు కావాలి. జంషెడ్‌పూర్ తెలుగు కుటుంబాల్లో చాలామందికి బడి, కంపెనీ కాగితాల్లో ‘రావు’ ఇంటిపేరులా స్థిరపడింది. అసలు ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మిగిలింది, లేదా అదీ పోయింది. రావు అని వెతికితే వేల మంది వస్తారు, ముత్తాత మాత్రం రాడు. పెళ్లి శుభలేఖలు, పిండ ప్రదానం నాటి చీటీలు, సొంతూరి గుడిలో చందా రాళ్లు, పెద్దవాళ్ల జ్ఞాపకం, వీటి నుంచి ఇంటిపేరూ ఊరూ ముందు తేల్చుకోవాలి.

రెండో చిక్కు, పేరు రాసిన తీరు. పేద కులాల మనిషిని గుమస్తా గౌరవంగా రాయలేదు. ఇంట్లో అప్పలస్వామి అని చెప్పుకునే వ్యక్తి రిజిస్టర్‌లో అప్పలడు లేదా అప్పిగాడు కావచ్చు. పైగా దాన్ని ఇంగ్లిష్‌లో చెవికి తోచినట్టు రాశారు. ఒకే పేరుకు నాలుగైదు స్పెల్లింగులు ఊహించి వెతకాలి. ఆడవారి పేర్లు ఇంకా కష్టం. తండ్రి పేరుతోనో భర్త పేరుతోనో రాస్తారు, లేదంటే కులం పేరుతో సరిపెడతారు.

అందుకే పేరు కలిసినంత మాత్రాన మన మనిషే అనుకోకూడదు. పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు, కనీసం ఈ నాలుగింటిలో మూడు కలవాలి. ఒక ఊళ్లో ఒకే పేరున్న ముగ్గురు ఉండటం తెలుగు పల్లెల్లో వింతేమీ కాదు.

ఆస్ట్రేలియాలో గర్వం, ఇక్కడ భయం ఎందుకు?

1788 నుంచి 1868 వరకు బ్రిటన్ దాదాపు 1,62,000 మంది ఖైదీలను ఆస్ట్రేలియాకు పంపింది. వందేళ్ల పాటు అక్కడి కుటుంబాలు కూడా ఆ సంగతి దాచాయి. 20వ శతాబ్దం రెండో సగంలో ఆ ధోరణి తిరగబడింది. మాజీ ప్రధాని కెవిన్ రడ్ పూర్వీకుల్లో మేరీ వేడ్ అనే ఖైదీ ఉంది. చిన్న పిల్లగా ఉండగా బట్టలు దొంగిలించినందుకు ఆమెకు మరణశిక్ష పడి, అది ద్వీపాంతరంగా మారింది. ఆస్ట్రేలియా ఖైదీల రికార్డులకు 2007లో యునెస్కో ‘మెమరీ ఆఫ్ ది వరల్డ్’ జాబితాలో చోటు దక్కింది.

ఇక్కడ అలా జరగలేదు. దానికి కారణం సిగ్గు ఒక్కటే కాదు. ఆస్ట్రేలియాలో మచ్చ ఒక వ్యక్తికి పడింది, మనవడి నాటికి పాతబడింది. భారత్‌లో చట్టమే ఆ మచ్చను కులానికి అంటించింది. అందువల్ల ఒక ఇంటివారు తమ పూర్వీకుడి రిజిస్టర్ పేజీని ఫేస్‌బుక్‌లో పెడితే, ఆ పేజీలో ఉన్న మిగతా ఇరవై పేర్ల సంతతి ఊళ్లో ఇంకా అదే ముద్రతో బతుకుతూ ఉండవచ్చు. ఎక్కడైనా దొంగతనం జరిగితే పోలీసులు ముందు వారి గడపే తొక్కుతూ ఉండవచ్చు. పట్నంలో ఉద్యోగం చేసుకునే మనవడికి అది ఆసక్తికరమైన చరిత్ర, ఊళ్లో ఉన్న దూరపు బంధువుకు అది ప్రమాదం.

కాబట్టి పేజీ దొరికాక కొన్ని జాగ్రత్తలు అవసరం. ఇతరుల పేర్లు, కులం కనిపించేలా బయట పెట్టకూడదు. ఇంట్లో పెద్దవారికి ముందు చెప్పాలి, వారి మాట వినాలి. వారు తెలిసీ దాచి ఉంటే, ఎందుకు దాచారన్నదీ చరిత్రలో భాగమే. పోలీసు రాసింది ఒక పక్షం మాత్రమే కాబట్టి తీర్పు ప్రతి, పత్రిక వార్త, ఊరి జ్ఞాపకం పక్కపక్కన పెట్టి చదవాలి. అవి కలవకపోతే, కలవలేదనే రాసి పెట్టుకోవాలి. నేరం నిజమని తేలితే దాన్నీ అలాగే రాయాలి.

అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని మరొకటి ఉంది. ఆర్కైవ్స్‌లోని ఫైలు ఇంకో పదేళ్లకైనా దొరకవచ్చు. ఎనభై దాటిన నాయనమ్మ, తాతయ్యల జ్ఞాపకం అలా కాదు. చాయిబాసా రికార్డు గదికో, ఎగ్మూరుకో బయల్దేరే ముందు వారి దగ్గర కూర్చుని మూడు వివరాలు అడిగి రాసుకుంటే వెతుకులాట సగం పూర్తయినట్టే. ఊరి పేరు, ఇంటిపేరు, ఆ ఊరు వదిలిన సంవత్సరం.